240జెడ్ విప్పిన చేతులకు గుర్తుండేవి

డాట్సన్ 240జెడ్ పేరెత్తగానే రోడ్డు మీద చూసినవాళ్లకు ఆ పొడవాటి బానెట్ గుర్తొస్తుంది. దాన్ని ఇంట్లో జాకీ స్టాండ్ల మీద నిలబెట్టి విప్పినవాళ్లకు మాత్రం ముందు గుర్తొచ్చేది వెనక చక్రాల దగ్గరుండే స్పిండిల్ పిన్ను. బొటనవేలి లావు ఉక్కు కడ్డీ, అంతే. దాన్ని బయటికి లాగేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. అయినా పాత జెడ్ మనుషులు ఇద్దరు కలిస్తే హార్స్‌పవర్ కంటే ముందు ఆ పిన్ను గురించే మాట్లాడుకుంటారు, అదీ ముచ్చటగా.

1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో వచ్చిన కారిది. అమెరికాలో 240జెడ్‌గా అమ్ముడుపోయింది. అక్కడ దాన్ని నిలబెట్టిన యుతాకా కతయామాను అభిమానులు ఇప్పటికీ మిస్టర్ కె అనే అంటారు. లోపల ఎల్24 ఇంజను: వరసగా ఆరు సిలిండర్లు, 83 మిల్లీమీటర్ల బోరు, 73.7 మిల్లీమీటర్ల స్ట్రోకు, 2,393 సీసీ. పైన వాల్వులు తెరిచే క్యామ్ ఒక్కటే, పక్కన ఎస్‌యూ తరహా హిటాచీ కార్బురేటర్లు రెండు. కారు బరువు వెయ్యి కిలోలకు కాస్త ఎక్కువ. ఈ కారే 1971లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచింది. 1973లో మళ్లీ గెలిచింది, ఆసారి నడిపింది భారతీయ మూలాలున్న శేఖర్ మెహతా. అమెరికా ట్రాకుల మీద పీట్ బ్రాక్ బృందం తరఫున జాన్ మోర్టన్ 46 నంబరు జెడ్‌తో 1970, 71ల్లో వరసగా జాతీయ టైటిళ్లు కొట్టాడు. అంత చరిత్ర ఉన్న కారుని కూడా ఒక పెట్టెడు పానాలు, ఒక ఫీలర్ గేజ్, ఒక టార్క్ రెంచ్, ఒక టైమింగ్ లైట్‌తో ఇంట్లోనే పూర్తిగా విప్పి బిగించగలిగేవాళ్లం. మళ్లీ మళ్లీ తలుచుకునేది ఆ సంగతినే.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పేస్తాను. ఈ కారుకి వేగం బయటినుంచి తెచ్చి తగిలించాల్సిన పని పెద్దగా లేదు. ఫ్యాక్టరీలో ఇచ్చిన సందులన్నీ, అంటే వాల్వు సందు, డిస్ట్రిబ్యూటరులో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల సందు, బేరింగు సందు, యాభై ఏళ్లలో అరిగి చెదిరిపోయి ఉంటాయి. వాటిని వరసగా వెనక్కి తెచ్చుకుంటే చాలు, కారు తన వేగం తనే చూపిస్తుంది. పెద్ద క్యామ్ కొని అరిగిన రాకర్ల (క్యామ్ తోపుని వాల్వుకి అందించే చేతుల) మీద కూర్చోబెట్టినవాళ్లు డబ్బు పెట్టి మొరాయించే కారుని కొనుక్కున్నట్టే.

పని తుప్పుతో మొదలవ్వాలి, ఇంజనుతో కాదు. అందరికీ చెయ్యి ముందు ఇంజను మీదకే పోతుంది. తళతళలాడే ఇంజను తయారై ఓ మూల కూర్చున్నాక కింద ఫ్రేము రైలు స్క్రూడ్రైవరు పోటుకి బిస్కట్లా విరిగిందంటే అక్కడితో ఉత్సాహం ఆవిరైపోతుంది. చూడాల్సిన చోట్లు ఏ జెడ్‌లోనైనా ఒకటే: బ్యాటరీ పళ్లెం, దాని కింద ఫ్రేము రైలు, కాళ్ల కింది నేల రేకు, తలుపు వెనక చక్రం ముందున్న మూల, స్పేర్ టైరు గుంట, వెనక తలుపు వచ్చి మూసుకునే అంచు. ముందు అద్దం కింద గాలి పీల్చే గాడి ఉంటుంది. అందులో పడ్డ నీళ్లు రెండు పక్కలా సన్నటి దారుల గుండా కిందికి పోవాలి. ఎండుటాకులు చేరి ఆ దారులు మూసుకుపోతే నీళ్లు ముందు ఫెండర్ల వెనక నిలబడి రేకుని లోపల్నుంచి తింటాయి. బయట రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే అయస్కాంతం పట్టుకు తిరగాలి. పుట్టీ పూసిన చోట అది అంటుకోదు. నేల రేకు, రైలు మార్చేటప్పుడు రెండు వైపులా ఒకేసారి కోయకూడదు. తలుపులు వేసి ఉంచి, తలుపు సందులు కొలిచి రాసుకుని, ఒక పక్క పూర్తిగా వెల్డింగ్ అయ్యాకే రెండో పక్క ముట్టుకోవాలి. లేకపోతే బాడీ నడుము వంగుతుంది, తలుపులు ఇక ఎన్నటికీ సరిగ్గా పడవు.

విప్పడంలో మొదటి పాఠం స్క్రూలు నేర్పేవి. ఈ కారు స్క్రూల తలల మీద ప్లస్ గుర్తు చూసి మామూలు ఫిలిప్స్ డ్రైవరు పెడితే అది జారి తలని గుండు చేసేస్తుంది. అవి జపాన్ ప్రమాణం జేఐఎస్ స్క్రూలు. గాడి లోతు వేరు, మూలల వంపు వేరు. జేఐఎస్ డ్రైవరు పెడితే అదే స్క్రూ టక్కున లొంగుతుంది. కార్బురేటరు గిన్నె మూతల స్క్రూలు, తలుపు కీళ్ల దగ్గరవి, బ్రేకు డిస్కు వెనక రేకువి నాశనమయ్యేది ఇందువల్లే. మొండివాటికి సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరు, అదే జేఐఎస్ బిట్టుతో.

ఇక స్పిండిల్ పిన్ను. వెనక స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసుండే నిలువు కాలు) కిందిభాగంలో పోత ఇనుప గొట్టంలాంటి ఇల్లు ఉంటుంది. పిన్ను దాని గుండా దూరి, రెండు కొసల్లో కింది కంట్రోల్ ఆర్మ్ బుష్షుల్లోంచి బయటికొచ్చి, చెరో నట్టుతో బిగిసి ఉంటుంది. మధ్యలో ఒక లాకు బోల్టు అడ్డంగా దిగి పిన్ను మీది గాడిని పట్టుకుంటుంది. ఆ బోల్టు తియ్యకుండా సుత్తి ఎత్తినవాళ్లు చాలామందే. తీసినా కదలదు, ఎందుకంటే బుష్షు లోపలి ఉక్కు గొట్టం, పిన్ను, పోత ఇనుము మూడూ తుప్పుతో ఒకటైపోయి ఉంటాయి. అప్పుడు పిన్ను కొసన సుత్తితో మోదితే దాని తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. విచ్చుకున్న తల ఇక బుష్షులోంచి దూరదు. మొదటికే మోసం.

ఓపికున్నవాళ్ల పద్ధతి వేరే. లాకు బోల్టు తీసి, ఆ కన్నంలోంచీ రెండు కొసలనుంచీ తుప్పు వదిలించే నూనె పోసి, రోజుల తరబడి నాననివ్వడం. ఆ తర్వాత పిన్ను మరలకి పొడవాటి కప్లింగ్ నట్టు పూర్తిగా ఎక్కించి, దాని మీదుగా మందపాటి ఇనుప గొట్టం ముక్క ఆనించి, గొట్టం నోటికి దళసరి వాషరు వేసి, బోల్టు బిగిస్తూ పిన్నుని లాగడం. లాగుతూనే పోత ఇంటి మీద సుత్తితో చిన్నగా తట్టడం. ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు వస్తుంది. పిన్ను వెంట్రుకవాసి కదిలిందన్నమాట. ఆ చప్పుడు ఒకసారి విన్న చెవి మర్చిపోదు. అప్పటికీ రాకపోతే రంపపు బ్లేడుతో ఆర్మ్‌కీ పోత ఇంటికీ మధ్య సందులో రెండు పక్కలా కోసేసి, మధ్య ముక్కని ప్రెస్‌తో తొయ్యాల్సిందే. కొత్త పిన్ను ఎక్కించేటప్పుడు తుప్పుతో పట్టెయ్యకుండా యాంటీ సీజ్ ముద్ద దట్టంగా పూయాలి. కొస నట్లు మాత్రం కారు స్టాండ్ల మీద ఉండగా ఆఖరు బిగింపు బిగించకూడదు. చక్రాలు వేసి, కారు తన బరువు మీద తను నిలబడ్డాకే బిగించాలి. గాల్లో బిగిస్తే రబ్బరు బుష్షు ఆ వేలాడే స్థితిలోనే పట్టేసుకుంటుంది. కారు కిందికి దిగగానే మెలిపడి, కొన్నాళ్లకే చిరుగుతుంది.

ఇంజను, గేరుబాక్సు కలిపే పైకి లాగడం తేలిక. బానెట్ కీళ్ల చుట్టూ సుద్దతో గీత గీసుకుని విప్పితే తిరిగి పెట్టేటప్పుడు సందుల కోసం వెతుక్కోనక్కర్లేదు. రేడియేటరు, కార్బురేటర్లు, గేరు కర్ర, ప్రొపెల్లర్ షాఫ్టు నాలుగు బోల్టులు, క్లచ్ స్లేవ్ సిలిండరు తీశాక హాయిస్ట్‌తో ముందు కొస ఎత్తి, తోక కిందికి వంచి లాగాలి. గేరుబాక్సు వెనక కొసకి ఒక ప్లాస్టిక్ సంచీ కట్టకపోతే నూనె అంతా నేలపాలే.

హెడ్డు, అంటే సిలిండర్ల పైమూత, ఒక్కటే తియ్యాలనుకునేవాళ్లకి ఎల్24 లాంటి ఎల్ సిరీస్ ఇంజన్లు ఒక ఉచ్చు పన్ని ఉంచాయి. క్యామ్ స్ప్రాకెట్ విప్పగానే క్రాంకు నుంచి క్యామ్‌ని తిప్పే చైను వదులవుతుంది. వదులు కాగానే లోపల చైనుని బిగువుగా ఉంచే టెన్షనరు పిస్టను స్ప్రింగు తోపుకి బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని వెనక్కి నెట్టాలంటే ముందు కవరు విప్పాలి, కవరు విప్పాలంటే ఆయిల్ పాన్ వదులు చెయ్యాలి. గంట పని రెండు రోజుల పనవుతుంది. దీనికి మందు ఒక చెక్క ముక్క. కింది కొస సన్నంగా, పైన మందంగా చెక్కిన పొడవాటి ఆప్పుని చైను రెండు వరసల మధ్యకి పైనుంచి దింపి గట్టిగా కొడితే టెన్షనరు ఉన్నచోటే ఉంటుంది. ఆప్పు లోపలికి జారిపోకుండా పై కొసకి తీగ కట్టాలి. అంతకంటే ముందు ఒకటో సిలిండరుని కంప్రెషన్ టీడీసీకి, అంటే వాల్వులు మూసుకుని పిస్టను పైకొస చేరే చోటికి, తెచ్చి, చైను లింకు మీదా స్ప్రాకెట్ పన్ను మీదా రంగు చుక్క పెట్టుకోవాలి. ఆ ఆప్పులని పాత చీపురు కర్రలతో, బల్లకాళ్లతో చెక్కుకునేవాళ్లు. పని అయిపోయాక ఎవరూ పారేసేవాళ్లు కాదు, నూనె పట్టి నల్లబడ్డ ఆ ముక్క పానాల పెట్టెలో శాశ్వతంగా ఉండిపోయేది. కార్లు అమ్ముకున్నవాళ్లు కూడా ఆప్పు మాత్రం దాచుకోవడం ఎరుగుదును.

బ్లాకు విప్పాక కొలతలే రాజ్యం. క్రాంకు ఏడు మెయిన్ బేరింగుల మీద కూర్చుంటుంది, అందుకే ఈ ఇంజను అంత మెత్తగా తిరుగుతుంది. మెయిన్ జర్నల్, అంటే బేరింగులో తిరిగే క్రాంకు భాగం, వ్యాసం ఇంచుమించు 55 మిల్లీమీటర్లు. పాత లెక్క ఒకటుంది: జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు సందు. అంటే ఇక్కడ 0.055 మిల్లీమీటర్ల చుట్టూ ఉండాలన్నమాట. కొలవడానికి ప్లాస్టిగేజ్. సన్నటి మైనపు దారం లాంటి ఆ ముక్కని నూనె చుక్క లేకుండా తుడిచిన జర్నల్ మీద పెట్టి, క్యాప్ పూర్తి టార్క్‌కి బిగించి, మళ్లీ విప్పి, నలిగిన వెడల్పుని కాగితం మీది గీతలతో పోల్చాలి. మధ్యలో క్రాంకు ఒక్క వేలెడు తిరిగినా కొలత పనికిరాదు. నలిగిన పట్టీ ఒక చివర వెడల్పుగా, మరో చివర సన్నగా ఉంటే జర్నల్ ఏటవాలుగా అరిగిందని అర్థం. కొత్త బేరింగు షెల్లు వేసినా ఆ జబ్బు పోదు, గ్రైండింగే దారి.

పిస్టను రింగుల కొసల మధ్య సందుకి కూడా అలాంటిదే ఒక లెక్క: బోరులో వెయ్యికి నాలుగు వంతులు. 83 మిల్లీమీటర్ల బోరుకి 0.33. రింగుని బోరులో దించి, పిస్టను తలకిందులుగా పెట్టి తోసి సమంగా కూర్చోబెట్టాక ఫీలర్ గేజ్ దూర్చాలి. సందు తక్కువైతే వేడికి రింగు కొసలు తాకి విరుగుతాయి. కాస్త ఎక్కువైతే కొంపేమీ మునగదు. పిస్టను మీది గాటు ముందుకి, కనెక్టింగ్ రాడ్ మీది నూనె చిమ్మే కన్నం ఇంజను కుడి వైపుకి. రాడ్ బోల్టుల మీద రబ్బరు గొట్టం ముక్కలు తొడిగి దించకపోతే వాటి మరలు క్రాంకు జర్నల్ మీద గీత పెడతాయి. అన్ని కొలతలూ పడ్డ శ్రమ ఆ ఒక్క గీతతో గంగపాలు.

హెడ్డు అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. ఒకసారి నీళ్లు లేక కాగిందంటే హెడ్డు వంగుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి ఫీలర్ గేజ్ దూర్చి చూస్తే 0.1 మిల్లీమీటరు వరకే హద్దు. దాటితే చెక్కించాలి. చెక్కించినప్పుడు చాలామంది మర్చిపోయేది, హెడ్డు కిందికి దిగితే క్యామ్ కూడా క్రాంకుకి దగ్గరవుతుంది, చైను ఆ మేరకు వదులై క్యామ్ ఆలస్యంగా తిరుగుతుంది. సాగిన చైనుది కూడా ఇదే వరస. ఫ్యాక్టరీ ఇంజనీర్లు దీన్ని ముందే ఊహించి స్ప్రాకెట్‌కి 1, 2, 3 అని మూడు కన్నాలు పెట్టారు. టీడీసీ దగ్గర స్ప్రాకెట్ మీది గాటు వెనక పలక మీది గాడికి ఎడమకి జరిగి కనిపిస్తే తర్వాతి కన్నానికి మారాలి. ఒక్కో కన్నానికి క్రాంకు లెక్కన 4 డిగ్రీలు క్యామ్ ముందుకొస్తుంది. కింది గేర్లో బాగానే లాగి, పైన చప్పబడ్డ ఎన్నో జెడ్లకి, పైన బాగుండి కింద నీరసించిన ఎన్నో జెడ్లకి అసలు కారణం ఈ కన్నమే. క్యామ్ టవర్లు మాత్రం ఊరికే విప్పకూడదు. వాటిని హెడ్డు మీద ఉంచి ఒకే వరసలో బోర్ చేశారు. విప్పి బిగిస్తే ఆ వరస తప్పి క్యామ్ పట్టేస్తుంది. బిగించాక క్యామ్ చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి, అదే పరీక్ష.

క్యామ్ చావు ఈ ఇంజనులో ఎక్కువగా నూనె కరువు వల్లే. 240జెడ్ హెడ్డులో లోబులకి, అంటే క్యామ్ మీది ఉబ్బెత్తులకి, నూనె అందేది పైన అడ్డంగా ఉండే సన్నటి స్ప్రే బారు కన్నాల్లోంచి. ఆ బారు అతుకుల దగ్గర పగులుతుంది, కన్నాలు మడ్డితో మూసుకుపోతాయి. ఒక్క కన్నం మూసుకున్నా దాని కింది లోబు గుండ్రబడిపోతుంది. కాబట్టి వాల్వు కవరు తీసినప్పుడల్లా స్టార్టరుతో తిప్పి ప్రతి కన్నంలోంచీ నూనె చిమ్ముతోందా అని చూడాలి. కొత్త క్యామ్ వేస్తే రాకర్లు కూడా కొత్తవో, తిరిగి గ్రైండ్ చేసినవో ఉండాలి. లోబు రాకర్ పలక మీద రుద్దుకునే చోటు పలక మధ్యలో పడాలి. లోబు మీద నీలం రంగు రాసి రెండు చుట్లు తిప్పితే ఆ గుర్తు కనిపిస్తుంది. అంచుకి పోతే వాల్వు కొసన ఉండే లాష్ ప్యాడ్ మందం మార్చాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది, పన్నెండు వాల్వులకీ చెయ్యాలి. వదిలేసినవాళ్ల క్యామ్ మాత్రం ఏడాది తిరక్కుండా పోతుంది.

హెడ్డు బోల్టులు బిగించేముందు బ్లాకు కన్నాల్లో నూనె గానీ నీళ్లు గానీ లేకుండా గాలి కొట్టి ఆరబెట్టాలి. అడుగున నీళ్లుంటే టార్క్ రెంచ్ అబద్ధం చెబుతుంది, కొన్నిసార్లు బ్లాకే పగులుతుంది. మధ్యనుంచి బయటికి, మూడు విడతలుగా, ఆఖరికి 60 ఫుట్ పౌండ్లు దాటకుండా. ఆయిల్ పంపుని గ్రీజో వ్యాజిలీనో దట్టించి బిగిస్తే మొదటి చుట్టు నుంచే నూనె పడుతుంది. పంపు స్పిండిల్ పై కొస డిస్ట్రిబ్యూటరుని తిప్పుతుంది. ఒకటో సిలిండరు టీడీసీలో ఉండగా ఆ కొస గడియారంలో 11 గంటల 25 నిమిషాలప్పుడు రెండు ముళ్లూ కలిసి గీసే గీతలా కనిపించాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే డిస్ట్రిబ్యూటరు ఎంత తిప్పినా టైమింగ్ అందదు.

వాల్వు సందులు చల్లటి ఇంజను మీద ఇన్‌టేక్‌కి 0.20 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.25. వేడి మీద 0.25, 0.30. 17 పానాతో లాక్ నట్టు, 14 పానాతో రాకర్ కూర్చునే పివట్. లాక్ నట్టు బిగించేటప్పుడు పివట్ కూడా కాస్త తిరుగుతుంది, అందుకే బిగించాక మళ్లీ కొలవాలి. ఫీలర్ బ్లేడు వెన్నలోంచి లాగినట్టు వస్తే వదులు, అసలు దూరకపోతే బిగువు. ఆ రెంటి మధ్య వేళ్లకి తెలిసే ఒక పట్టు ఉంటుంది. అది మాన్యువల్లో రాసి ఉండదు.

కొత్త క్యామ్‌తో ఇంజను మొదటిసారి అంటుకున్నాక ఐడిల్లో వదిలెయ్యడం అంటే దాన్ని చేజేతులా చంపడమే. ఐడిల్లో లోబులకి నూనె చాలదు. అంటుకున్న వెంటనే 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎంకి లేపి, ఇరవై నిమిషాలు కాస్త హెచ్చుతగ్గులు చేస్తూ అక్కడే ఉంచాలి, జింకు ఎక్కువున్న బ్రేక్-ఇన్ నూనెతో. కాబట్టి స్టార్టరు నొక్కేముందే టైమింగ్ దగ్గరగా పెట్టుకుని, గిన్నెల్లో పెట్రోలు నింపి, రేడియేటరులో గాలి లేకుండా చూసుకుని ఉండాలి. ఫైరింగ్ ఆర్డరు 1-5-3-6-2-4, రోటరు తిరిగేది అపసవ్యంగా. సవ్యంగా అనుకుని తీగలు పెట్టినవాళ్లకి కార్బురేటర్లోంచి మంట ఎదురొస్తుంది.

ఆ తర్వాతే కార్బురేటర్లు. నా మటుకు పాత కార్ల మజా అంతా ఇక్కడే ఉంది. వరస మాత్రం తప్పకూడదు: ముందు వాల్వులు, తర్వాత పాయింట్ల సందు 0.45 నుంచి 0.55 మిల్లీమీటర్లు, ప్లగ్గుల సందు 0.8, టైమింగ్, అన్నీ కుదిరాక కార్బురేటర్లు. కార్బురేటరు పాడైందని తిట్టుకునే కార్లలో సగానికి పైగా అరిగిన పాయింట్లే దొరికేవి.

హిటాచీ ఎస్‌యూల్లో గుండ్రటి టోపీ ఉన్నవి మంచివి. 1973లో వచ్చిన చదును టోపీవి వేడికి పెట్రోలు ఆవిరైపోయి సతాయించేవి, చాలామంది వాటిని పీకి పాత గుండ్రటివి వేసుకున్నారు. టోపీ, దాని లోపల పైకీ కిందికీ ఆడే పిస్టను జతగా తయారైనవి, ఒకదాని టోపీ రెండోదానికి వెయ్యకూడదు. టోపీ పైనుంచి నూనెలోకి దిగే డ్యాంపరు తీసి పిస్టనుని వేలితో ఎత్తి వదిలితే టక్కుమని కింద పడాలి. ఆ శబ్దం రాకపోతే పిస్టను కింద ఉండే నీడిల్ (పెట్రోలు కొలిచే సూది) ఎక్కడో నాజిల్‌ని రాసుకుంటోంది. నీడిల్ భుజం పిస్టను అడుగుతో సమంగా ఉండాలి. డ్యాంపరులో 20 నంబరు నూనె గీత వరకు. నూనె తక్కువైతే యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు ఇంజను ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంది. మిక్స్చర్ నట్లు రెండూ పైదాకా బిగించి, అక్కణ్ణుంచి రెండున్నర చుట్లు కిందికి. ఇది మొదలు మాత్రమే.

ఇంజను పూర్తిగా వేడెక్కాక రెండు కార్బురేటర్లూ ఒకే గాలి పీల్చేలా చూడాలి. దానికి సింక్ మీటరు ఉంది. అది లేనివాళ్లు రబ్బరు గొట్టం ఒక చివర చెవికి, రెండో చివర కార్బురేటరు నోటికి పెట్టి బుస వినేవాళ్లు. రెండు నోళ్ల బుస ఒకే స్థాయిలో వచ్చేదాకా ఐడిల్ స్క్రూలు తిప్పడం. నమ్మరు గానీ అలవాటైన చెవి మీటరుకి దరిదాపుల్లోనే ఉండేది. తర్వాత పిస్టనుని మిల్లీమీటరు మేర ఎత్తి చూడాలి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉంటే మిశ్రమం రిచ్, అంటే పెట్రోలు ఎక్కువ. పడిపోయి ఆగబోతే లీన్, అంటే పెట్రోలు తక్కువ. కొంచెం పెరిగి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. థ్రాటిల్ షాఫ్టు అరిగి ఉంటే మాత్రం ఇదేదీ కుదరదు. షాఫ్టు కొసల దగ్గర కార్బ్ క్లీనరు కాస్త చిమ్మితే ఐడిల్ మారుతుంది, అక్కణ్ణుంచి గాలి లాగుతోందన్నమాట. ముందు అక్కడ బుష్షులు వేయించాలి. ఒక పది నిమిషాలు నడిపి ప్లగ్గులు విప్పితే లేత గోధుమ రంగు కనబడాలి. నల్లటి మసి అయితే మిక్స్చర్ నట్టు పైకి, తెల్లగా కాలితే కిందికి, ఒక్కోసారి పావు చుట్టు చొప్పున. అన్నీ కుదిరిన ఎల్24 ఐడిల్ ఎలా ఉంటుందంటే, వాల్వు కవరు మీద నాణెం నిలబెట్టి చూపించేవాళ్లు.

మిగతావి టూకీగా. క్లచ్ వదలగానే వెనక ఢక్కుమంటే డిఫరెన్షియల్ పగిలిందని బెంబేలు పడనక్కర్లేదు. దాని ముందు మౌంటు రబ్బరు ఇనుము నుంచి విడిపోయి ముక్కు పైకి లేస్తోంది. జాకీతో ముక్కు ఎత్తి చూస్తే సందు కంటికే కనబడుతుంది. ముందు బ్రేకులకి టయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌వి నాలుగు పిస్టన్ల క్యాలిపర్లు వెనక రేకు కాస్త కత్తిరిస్తే దాదాపు సూటిగా కూర్చుంటాయి. హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్టీరింగ్ దగ్గరి స్విచ్చిలోంచీ ఫ్యూజ్ పెట్టెలోంచీ పోవడం వల్ల ఆ ప్లాస్టిక్ కమిలిపోతుంది. రిలేలు పెడితే ఆ బెడద వదులుతుంది. అయిదు గేర్లు కావాలంటే 280జెడ్ఎక్స్ గేరుబాక్సు, ఇంకా బలం కావాలంటే 86 బోరు, 79 స్ట్రోకున్న ఎల్28 బ్లాకు. ఆశ చావనివాళ్లు డీజిల్ ఎల్‌డీ28 క్రాంకు తెచ్చి స్ట్రోకు 83కి పెంచుకునేవాళ్లు. రోజూ నడిపే కారుకి ఎల్28, గుండ్రటి టోపీ కార్బురేటర్లు చాలనే నా అభిప్రాయం.

కారు తయారై రోడ్డెక్కాక ఆఖర్న మిగిలేది లోపలికొచ్చే పొగ వాసన. జెడ్ ఉన్న ప్రతివాళ్ల చొక్కాకీ ఆ వాసన తెలుసు. వేగంలో వెనక తలుపు చుట్టూ గాలి పీడనం తగ్గి, సైలెన్సరు పొగ వెనక్కి తిరిగి సందుల్లోంచి లోపలికి వస్తుంది. కిటికీలు దింపితే తగ్గుతుందనుకుంటారు, నిజానికి ఇంకా ఎక్కువ లాగుతుంది. వెనక తలుపు రబ్బరు ఒక్కటి మారిస్తే చాలదు. టెయిల్ లైట్ల వెనక ఉండే గ్యాస్కెట్లు ఎండి ముక్కలై ఉంటాయి, వెనక పలకలో తీగలు దూరే రబ్బరు గుండీలు ఊడి ఉంటాయి. రాత్రిపూట ఒకరు వెనక పడుకుని తలుపు మూసుకుంటే, బయటినుంచి ఇంకొకరు టార్చి వేస్తూ అంచులన్నీ తిప్పాలి. లోపలికి వెలుతురు వచ్చిన ప్రతి చోటూ పొగ వచ్చే చోటే. అన్నీ మూసి, సైలెన్సరు గొట్టం కొస బంపరు దాటి రెండు మూడు అంగుళాలు బయటికి వచ్చేలా పెడితే వాసన ఆగుతుంది. తర్వాత 800 కిలోమీటర్ల దగ్గర బ్రేక్-ఇన్ నూనె దింపి, ఫిల్టరు కోసి కాగితం మడతల్లో లోహపు రజను ఉందేమో చూసి, చల్లటి ఇంజను మీద హెడ్డు బోల్టులు, వాల్వు సందులు ఇంకోసారి సరిచూసుకోవాలి.